భద్రాచలం నియోజకవర్గంలో మండలాలు ఎన్ని? వికీపీడియాలో తేలని లెక్క

నమస్తే అండీ. భద్రాచలం అసెంబ్లీ నియోజకవర్గంలో మండలాలు ఎన్ని? 8 అనేవాళ్ళున్నారు, 5 అనేవాళ్ళున్నారు, తమాషా ఏంటంటే ఇద్దరి చేతిలోనూ గవర్నమెంట్ కాగితమే ఉంటుంది. ఇప్పుడు వీళ్ళిద్దరూ వికీపీడియాలో ఒకే పేజీ మీద పడ్డారనుకోండి. ఒకాయన పొద్దున్నే 8 అని పెడతాడు, రెండో ఆయన మధ్యాహ్నం అన్నం తినొచ్చి 5 చేస్తాడు, రాత్రికి మళ్ళీ 8. ఇద్దరికీ పైసా జీతం లేదు. పేజీ పైన 'చరిత్ర' అని ఒక ట్యాబ్ ఉంటుంది, నొక్కితే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మొత్తం వరసగా కనిపిస్తుంది, నాకైతే చాలాసార్లు పేజీ కంటే అదే ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది.

నియోజకవర్గాల పేజీలంటే గొడవంతా పార్టీల వాళ్ళదే అనుకుంటాం కదా. వాళ్ళూ ఉంటారు, ఎన్నికల టైంలో మా ఎమ్మెల్యే అభివృద్ధి ప్రదాత అని రాసి పోతారు, ఎవరో ఒకరు వచ్చి తీసేస్తారు, అయిపోతుంది. కౌంటింగ్ రోజు టీవీలో లీడ్ చూసి రిజల్ట్ రాకముందే విజేత పేరు ఎక్కించేసేవాళ్ళ సంగతీ అంతే. అవి ఒక్క పూట గొడవలు. ఏళ్ళ తరబడి సాగేవి వేరే, అవి చూడ్డానికి పరమ బోరుగా ఉంటాయి. మండలాల లిస్టు, జిల్లా పేరు, టేబుల్‌లో ఒక వరుస ఉండాలా రెండుండాలా, ఇలాంటివి.

(స్క్రీన్ మీద: గోదావరి, శబరి కలిసే చోటు మ్యాప్)

భద్రాచలం కథ చూద్దాం. 2008 డీలిమిటేషన్ ఆర్డర్‌లో, అంటే నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీసిన ఉత్తర్వులో, దీనికింద 8 మండలాలున్నాయి: వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం. 2014లో రాష్ట్రం విడిపోయింది, పోలవరం ముంపు కోసమని చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, దాంతోపాటు భద్రాచలం మండలంలో టౌన్ తప్ప మిగతా పల్లెలన్నీ ఆంధ్రాకి వెళ్ళిపోయాయి. అయితే పోలింగ్ అంతకుముందే, ఏప్రిల్ 30నే అయిపోయింది. అంటే చింతూరు వాళ్ళు ఓటేసింది భద్రాచలం ఎమ్మెల్యేకి, గెలిచింది సీపీఎం సున్నం రాజయ్య గారు, ఆయన కూర్చుంది తెలంగాణ అసెంబ్లీలో, ఓటేసిన ఊళ్ళేమో ఆంధ్రాలో. 2019కి వచ్చేసరికి అదే చింతూరు వాళ్ళు రంపచోడవరం నియోజకవర్గంలో ఓటేశారు.

మరి పేజీలో 8 రాయాలా 5 రాయాలా? 8 అన్నాయన డీలిమిటేషన్ ఆర్డర్ చూపిస్తాడు, అది చట్టబద్ధమైన కాగితం, అందులో పేర్లు అచ్చయి ఉన్నాయి. 5 అన్నాయన ఇప్పుడు ఓట్లెక్కడ పడుతున్నాయో చూపిస్తాడు. నన్నడిగితే ఇద్దరూ కరెక్టే, ఇద్దరూ రాయనిది ఒకటే, ఏ తేదీకి ఈ లెక్క అనేది. 2008 ఆర్డర్ ప్రకారం 8, 2014 మార్పు తర్వాత మిగిలినవి 5, అందులో భద్రాచలం అంటే టౌన్ మాత్రమే. రెండు లైన్లు, అంతే. ఆ రెండు లైన్లు రాయడానికి పట్టే టైం కంటే రివర్టులకి, అంటే ఎదుటివాడి మార్పుని వెనక్కి తిప్పడానికి, పట్టే టైమే ఎక్కువ, అయినా జనం రివర్టే కొడతారు, ఎందుకంటే అది ఒక్క బటన్.

జిల్లా సంగతి ఇంకా తమాషా. చింతూరు ఏ జిల్లా? 1959 దాకా తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2014లో మళ్ళీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా, 2025 చివర్లో పోలవరం జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, శబరి ఉన్నచోటే పారుతోంది, బోర్డు మీద జిల్లా పేరు మాత్రం మారుతూ పోయింది. ఇటు తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33, నియోజకవర్గాల గీతలేమో 2008వే. అందుకే ఇవాళ భద్రాచలం నియోజకవర్గంలో చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంటే, వాజేడు, వెంకటాపురం ములుగు జిల్లాలో ఉన్నాయి.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. కొత్త జిల్లాలు వచ్చిన ఊపులో నేనూ ఒకరాత్రి కూర్చుని కనపడిన ప్రతి 'ఖమ్మం జిల్లా'ని మార్చుకుంటూ పోయాను, పాత ఎన్నికల పేరాల్లో కూడా. పొద్దున లేచి చూస్తే సగం వెనక్కి తిప్పేసి ఉన్నాయి, పక్కన ఒక్క ముక్క కామెంట్: "2009లో ఆ జిల్లా లేదు కదండీ." ఇంతలావు కోపం వచ్చింది, టీ తాగాక తగ్గింది, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?

ఇదే జబ్బు పార్టీ పేర్లకీ ఉంది. తెరాస (టీఆర్ఎస్) 2022లో భారాస (బీఆర్ఎస్) అయింది. వెంటనే కొంతమంది 2014, 2018 టేబుల్స్‌లో కూడా భారాస అని మార్చడం మొదలెడతారు, పార్టీ ఒకటే కదా అని. కానీ 2018 బ్యాలెట్ మీద ఆ పేరు లేదు కదా, ఏ పేరుతో గెలిచారో అదే ఉండాలని ఇంకొకళ్ళు. ఫిరాయింపులైతే చెప్పక్కర్లేదు. 2018లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది, 2019 జూన్‌లో అందులో 12 మంది తెరాసలో కలిశారు. గెలిచినప్పటి పార్టీ రాయాలా, ఇప్పుడున్న పార్టీ రాయాలా? టేబుల్‌లో గెలిచినప్పటిది, పక్కన బాక్స్‌లో ఇప్పటిది రాస్తే సరిపోతుంది, కాకపోతే పార్టీ కలర్ కూడా మార్చాలంటారు, ఇక ఆ కలర్ మీద ఇంకో రౌండు.

(స్క్రీన్ మీద: 1985 అని పెద్ద అక్షరాలు)

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం 1985. ఆ ఎన్నికల్లో ఎన్టీ రామారావు గారు హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడు చోట్ల నిలబడి మూడూ గెలిచారు, హిందూపురం ఉంచుకుని మిగతా రెండూ వదిలేశారు. మరి నల్గొండ ఎమ్మెల్యేల లిస్టులో ఎన్టీఆర్ ఉండాలా? గెలిచాడు కాబట్టి ఉండాలంటారు కొందరు. ఒక్కరోజు కూడా ఆ ఊరి ఎమ్మెల్యేగా పనిచెయ్యలేదు కదా, ఉపఎన్నికలో గెలిచినాయన పేరొక్కటే చాలంటారు ఇంకొందరు. నా ఓటు రెండు వరుసలకే, ఎందుకంటే ఒకటి ఎగరగొడితే అసలు ఉపఎన్నిక ఎందుకొచ్చిందో చదివేవాడికి అర్థం కాదు.

ఇక సీటే లేకుండా పోతే? 2008లో మన ఉమ్మడి రాష్ట్రంలో 7 లోక్‌సభ సీట్లు మాయమయ్యాయి: పార్వతీపురం, బొబ్బిలి, భద్రాచలం, తెనాలి, సిద్దిపేట, హనుమకొండ, మిర్యాలగూడ. బదులుగా అరకు, విజయనగరం, మల్కాజ్‌గిరి, చేవెళ్ల, భువనగిరి, జహీరాబాద్, మహబూబాబాద్ వచ్చాయి, టోటల్ 42 అలాగే ఉంది. లేని సీటుకి పేజీ దండగ, పక్కదాంట్లో కలిపేయండి అనేవాళ్ళకి నేను హనుమకొండ చూపిస్తాను. 1984లో పీవీ నరసింహారావు గారు ఓడిపోయిన సీటది, గెలిచింది బీజేపీ చందుపట్ల జంగారెడ్డి గారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద బీజేపీకి వచ్చినవే 2 సీట్లు, ఇదొకటి, గుజరాత్‌లో మెహసానా ఒకటి. పీవీ అదేసారి మహారాష్ట్ర రాంటెక్ నుంచి గెలిచి ఢిల్లీ వెళ్ళారు. దీన్ని తీసుకెళ్ళి వరంగల్ పేజీలో మూలన పడేస్తారా?

సరే, గొడవ ముదిరితే ఏమవుతుంది? ఇంగ్లీషు వికీలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుకి మించి రివర్ట్ చేస్తే బ్లాక్ పడొచ్చు. తెలుగు వికీలో అయితే ముందు చర్చ పేజీ, అక్కడా తేలకపోతే అందరూ కూర్చునే చోటు ఒకటుంది, దాని పేరు రచ్చబండ, నిజంగానే ఆ పేరే పెట్టుకున్నారు. అక్కడ మా తాత చెప్పాడు, మాది ఆ ఊరే అంటే నడవదు, మూలం చూపించాలి. బూత్‌ల వారీగా ఓట్లు నువ్వే కూడి ఫలానా మండలం మెజారిటీ ఇంత అని రాసినా కొందరు ఒప్పుకోరు, లెక్క కరెక్టే అయినా సరే, అది నీ సొంత పరిశోధన అంటారు. మొదట్లో నాకిది మరీ చాదస్తం అనిపించేది, ఇప్పుడూ కాస్త అనిపిస్తుంది లెండి.

ఇంకో పెద్ద జాతర ముందుంది. విభజన చట్టం సెక్షన్ 26లో ఆంధ్రా సీట్లు 175 నుంచి 225కి, తెలంగాణవి 119 నుంచి 153కి పెంచాలని రాసుంది, కానీ రాజ్యాంగం 170వ ఆర్టికల్‌కి లోబడి అని ముందే ఒక మెలిక ఉంది, ఆ ఆర్టికల్ ఏమో 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా ఆగమంటుంది. కాబట్టి ఎవరైనా ఇప్పుడే వెళ్ళి పేజీలో 225 అని కొడితే, చట్టం లింకు పెట్టి మరీ కొట్టినా సరే, పొద్దునకల్లా అక్కడ మళ్ళీ 175 ఉంటుంది.