నా చేతికి నప్పిన ఫోను

శ్రోతలందరికీ నమస్కారం.

నేను 20 ఏళ్లుగా పాఠ్యపుస్తకాలకు ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. కింద పడాల్సిన ఒత్తు కాస్త పక్కకు జరిగినా, దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం పడినా, కన్ను దానంతట అదే అక్కడ ఆగిపోతుంది. చేతిలోని ఫోనును కూడా నేను ఎప్పుడూ ఆ కంటితోనే చూస్తూ వచ్చాను. 2009 నుంచి 2019 వరకు గడిచిన పదేళ్లలో, ఫోన్లను నడిపే వ్యవస్థల్లో సింబియన్, విండోస్ ఫోన్, ఐఫోన్ దాటి చివరకు ఆండ్రాయిడ్ దగ్గర స్థిరపడ్డాను. వీటిలో ఏది గొప్పదనే వాదన వినేవాళ్లకు విసుగు పుట్టించేంతగా ఇప్పటికే జరిగింది. తెలుగులో చదివి తెలుగులో రాసే మనిషికి ఒక ఫోను వదిలి ఇంకొక ఫోనుకు మారడం ఎలా ఉంటుందో, చివరకు ఒకదాని మీద ఇష్టం ఎందుకు కుదురుకుంటుందో, నాకు తెలిసినంత మేరకు ఈ పూట చెబుతాను.

నా మొదటి స్మార్ట్‌ఫోను సింబియన్ మీద నడిచే నోకియా ఇ63. తెర కింద కంప్యూటర్ కీబోర్డులాగే చిన్న చిన్న మీటలు వరుసగా ఉండేవి, రెండు బొటనవేళ్లతో చూడకుండా కొట్టగలిగేదాన్ని. ఆనాటి ఫోన్లలో ఎక్కువ వాటికి తెలుగు ఫాంటు ఉండేది కాదు కాబట్టి తెలుగు వార్తల పేజీ తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు బారులు తీరి కనబడేవి. అప్పుడు మనవాళ్లలో ఒకరి నుంచి ఒకరికి ఒక కిటుకు చేరింది. ఓపెరా మినీ అనే బ్రౌజర్‌లో చిరునామా రాసే గడిలో కాన్ఫిగ్ అనే మాట కొడితే ఒక అమరికల పేజీ తెరుచుకునేది. ఆ పేజీ అడుగున, సంక్లిష్టమైన లిపులను బొమ్మలుగా చూపించాలా అని అడిగే ఒక వరుస ఉండేది. దానికి అవునని చెప్పి భద్రపరిస్తే, ఎక్కడో దూరాన ఉన్న సర్వరు తెలుగు అక్షరాలను చిన్న చిన్న బొమ్మలుగా మలిచి ఫోనుకు పంపేది. అక్షరాలు కాస్త మసకగా ఉండేవి, వాటిని కాపీ చేయడానికి గానీ వెతకడానికి గానీ వీలుండేది కాదు. అయినా బస్సులో కూర్చుని అరచేతిలో తెలుగు చదువుకున్న ఆ మొదటి సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. చదవడానికి దారి దొరికింది కానీ రాయడానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాలే దిక్కయ్యాయి. మా ఇంట్లో వాళ్లందరం ఒకరికొకరం అలాగే తెలుగు రాసుకున్నాం.

2011 ఫిబ్రవరిలో నోకియా, మైక్రోసాఫ్ట్‌తో చేయి కలిపి ఇక మీదట తన స్మార్ట్‌ఫోన్లు విండోస్ ఫోన్ మీద నడుస్తాయని ప్రకటించింది. సింబియన్ రోజులు దగ్గర పడ్డాయని అప్పుడే అందరికీ అర్థమైంది. నేను 2013లో హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లి లుమియా 520 కొనుక్కున్నాను. ధర సుమారు 10,000 రూపాయలు. దానికి ముందు వైపు కెమెరా లేదు, వెనుక కెమెరాకు ఫ్లాష్ లేదు, ర్యామ్ 512 ఎంబీ మాత్రమే. అయినా అది నడిచిన తీరు చూస్తే ముచ్చటేసేది. తెర మీద చతురస్రాకారపు పలకలు ఉండేవి, ఒక్కో పలక మీద కొత్త సందేశాల సంఖ్యో రేపటి పనో దానంతట అదే మారుతూ కనబడేది. యాప్ తెరవకుండానే సగం సమాచారం అందేది. తెర నిండా బొమ్మలు కుక్కకుండా, పెద్ద అక్షరాలకు, ఖాళీ స్థలానికి విలువ ఇచ్చిన రూపకల్పన అది. మంచి పుస్తకంలో మార్జిన్లు వదిలినంత పొందికగా ఉండేదని, పుటల అమరిక చూసే వృత్తిలో ఉన్నదాన్ని గనుక చెప్పగలను. ఆ పొందిక తర్వాత ఏ ఫోనులోనూ నాకు కనబడలేదు.

అంత అందమైన వ్యవస్థ ఎందుకు నిలవలేదంటే, యాప్‌లు తయారుచేసేవాళ్లు అటువైపు రాలేదు. వాడేవాళ్లు తక్కువని తయారీదారులు రాలేదు, యాప్‌లు లేవని వాడేవాళ్లు పెరగలేదు. గూగుల్ తన యాప్‌లను దానికి పెద్దగా ఇవ్వలేదు. మైక్రోసాఫ్ట్ స్వయంగా చేసుకున్న యూట్యూబ్ యాప్‌ను కూడా 2013 ఆగస్టులో గూగుల్ అడ్డుకుంది. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లినా పరిస్థితి మారలేదు. 2019 డిసెంబరు 31తో విండోస్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. మన దేశంలో వాట్సాప్ లేని స్మార్ట్‌ఫోను ఎవరికి కావాలి? అప్పటికి మూడేళ్ల ముందే నేను ఆ ఫోను పక్కన పెట్టాను గానీ, ఆ వార్త చదివిన రోజు నిజంగా బాధపడ్డాను.

2016లో డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు సెలవులకు వస్తూ ఐఫోన్ ఎస్ఈ తెచ్చాడు. నాలుగు అంగుళాల తెర, అరచేతిలో ఇమిడిపోయే కొలత. దాని విలువ నాకు కాలం గడిచే కొద్దీ తెలిసింది. 2016లో వచ్చిన ఆ ఫోనుకు ఐఫోన్లను నడిపే ఐఓఎస్‌లో 2021లో వచ్చిన 15వ వెర్షన్ కూడా అందింది. అయిదేళ్ల తర్వాత కూడా ఒక పాత పరికరాన్ని తయారీదారు వదిలేయకుండా చూసుకోవడం ఆ రోజుల్లో చాలా అరుదు. తెలుగు అక్షరాలు దాని మీద తీర్చిదిద్దినట్టు కనబడేవి, తెలుగు కీబోర్డు కూడా 2015లో వచ్చిన ఐఓఎస్ 9 నుంచే ఉంది. అయితే నాకు రెండు నంబర్లున్నాయి, ఒకటి పనికి, మరొకటి బ్యాంకుకు, ఇంటికి. ఐఫోన్లలో రెండు నంబర్ల సౌకర్యం 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ మోడళ్లతో మొదలైంది. నాది అంతకు ముందుది, అందుకని దానితో పాటు ఒక చిన్న మీటల ఫోను కూడా నా సంచిలో ఉండేది.

ఆ కాలంలోనే, 2018 ఫిబ్రవరిలో, మన లిపికి సంబంధించిన ఒక సంగతి ప్రపంచమంతా వార్త అయింది. ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేస్తోందని పత్రికలు రాశాయి. ఆ అక్షరం జ్ఞా. మామూలుగా మనం జ్ఞానం అని రాసుకుంటే ఏమీ కాదు. జకారం, దాని కింద ఞకార ఒత్తు, ఆ తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం, ఈ వరుసలో కోడ్లు పడితే ఆ అక్షరాన్ని ఎలా గీయాలో ఆనాటి ఐఓఎస్ 11కు తెలియక, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. అదే నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఆపిల్ ఫిబ్రవరి 19న విడుదల చేసిన 11.2.6 దాన్ని సరిచేసింది. చాలామంది దీన్ని వింతగా చెప్పుకున్నారు కానీ నాకు అందులో వింత కనబడలేదు. ఒక హల్లు కింద ఇంకొక హల్లు, దాని పైన తలకట్టు, పక్కన దీర్ఘం, ఇలా నాలుగు దిక్కులా అల్లుకునే లిపి మనది. లోహపు అచ్చు రోజుల్లో కంపోజిటర్లు ఒత్తులను విడిగా పేర్చుకుంటూ పడిన కష్టమే ఇప్పుడు ఫోను లోపల ప్రోగ్రాము పడుతోంది. ఎంత పెద్ద కంపెనీ అయినా మన లిపిని తీరిక చేసుకుని పరీక్షించి చూడాలని ఆ రోజు నాకు గట్టిగా అనిపించింది.

నేను ఐఫోన్ వదలడానికి కారణం ఆ అక్షరం కాదు, మా అమ్మ. తెనాలి దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంది. మన దేశంలో పదింట తొమ్మిది ఫోన్లకు మించి ఆండ్రాయిడ్‌వే కాబట్టి అందులో విశేషమేమీ లేదు. ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసి, "ఏమ్మా, కరెంటు బిల్లు కడదామని తెరిచాను, ఇందులోంచి వెనక్కి ఎట్లా రావాలి?" అని అడిగింది. ఐఫోన్లో తెర ఎడమ అంచు నుంచి లోపలికి వేలు జరిపితే వెనక్కి వస్తుంది. అదే అలవాటుతో నేను అలా జరపమని చెప్పాను. అమ్మ ఫోనులో తెర అడుగున మూడు గుర్తులుంటాయి, వాటిలో వెనక్కి వెళ్లే గుర్తు కొన్ని కంపెనీల ఫోన్లలో ఎడమ వైపు, కొన్నింటిలో కుడి వైపు ఉంటుంది. పావుగంట సేపు ఇద్దరం రెండు వేర్వేరు ఇళ్ల తాళంచెవులు పట్టుకుని ఒకే తలుపు తెరవబోయినట్టు మాట్లాడుకున్నాం. చివరకు అమ్మ, "పోనీలే, పొద్దున పక్కింటి పిల్లాడిని అడుగుతాను" అని పెట్టేసింది. కూతురిని ఉండి కూడా ఆ పిల్లాడు చేసే సాయం నేను చేయలేకపోయానని ఆ రాత్రంతా అనిపించింది. ఇంట్లో ఎక్కువ మంది వాడే వ్యవస్థే మనదీ అయితే, ఫోనులో మాట్లాడుతూనే ఒకరి వేలును ఇంకొకరు నడిపించవచ్చు. ఏ ఫోను కొనాలని అడిగేవాళ్లకు నేను ఇప్పటికీ మొదట ఈ మాటే చెబుతాను.

2019లో ఆండ్రాయిడ్‌కు మారాను. మారిన వారంలో పడిన శ్రమ గురించి క్లుప్తంగా చెబుతాను. పేర్లు, నంబర్లు, ఫొటోలు సులువుగానే వస్తాయి. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు రావు, వాటిని మళ్లీ కొనుక్కోవాల్సిందే. యూపీఐ యాప్‌లు కొత్త ఫోనులో సిమ్ నుంచి ఎస్ఎంఎస్ పంపించి మళ్లీ నమోదు చేసుకుంటాయి, మొదటి ఒకటి రెండు రోజులు చెల్లింపుల మీద పరిమితి కూడా ఉంటుంది. కాబట్టి ఫీజులు కట్టే వారంలో ఫోను మార్చకండి. పాత ఫోనును నెల రోజులైనా చెరిపేయకుండా ఉంచుకోండి.

ఈ చివరి మాట నేను నష్టపోయి చెబుతున్నాను. మా అమ్మమ్మకు రాయడం రాదు, మైకు గుర్తు నొక్కి మాట్లాడటం మాత్రం నేర్చుకుంది. పాఠ్యపుస్తకాల్లో సేద్యానికి సంబంధించిన మాట ఏదైనా వచ్చి అనుమానం తగిలితే, ఇంటివాళ్లందరం ఉన్న వాట్సాప్ గ్రూపులో నేను అడిగేదాన్ని. అమ్మమ్మ, "అమ్మాయ్, ఆకుమడి అంటే ఏమిటనుకున్నావ్" అంటూ మొదలుపెట్టి, నారు పోయడం నుంచి కల్లంలో కుప్ప నూర్చేదాకా వరుసగా చెప్పుకొచ్చేది. ఆ రోజుల్లో ఒక వ్యవస్థలో తీసుకున్న సందేశాల బ్యాకప్ ఇంకొక వ్యవస్థలోకి చేరేది కాదు. ఆ సంగతి ముందుగా కనుక్కోకుండానే నేను పాత ఫోనును చెరిపి ఇంకొకరికి ఇచ్చేశాను. రెండేళ్ల మాటలు పోయాయి. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది. ఐఫోన్ నుంచి సాంసంగ్ ఫోన్లకు 2021లో, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు 2022లో వాట్సాప్ దారి తెరిచింది.

ఇన్ని మారాక ఆండ్రాయిడే నా చేతికి ఎందుకు నప్పిందంటే, తెలుగు రాయడానికి అది నాకు ఒకే చోట ఎన్నో దారులు ఇచ్చింది. గూగుల్ కీబోర్డు అయిన జీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు మాట పడుతుంది, వర్ణమాల కావాలంటే దాన్నే తెర మీద పరుచుకోవచ్చు, వేలితో పలక మీద రాసినట్టు రాసినా గుర్తుపడుతుంది. 2017 ఆగస్టులో గూగుల్, మనం చెప్పే మాట విని రాసే సౌకర్యాన్ని తెలుగుకు కూడా తెచ్చింది. ఐఫోన్లోనూ 2014 నుంచి బయటి కీబోర్డులు పెట్టుకోవచ్చు కానీ వాటికి మైకు వాడే అనుమతి ఉండదు. అది వ్యక్తిగత గోప్యత కోసం ఆపిల్ పెట్టుకున్న కట్టుబాటు, దాన్ని నేను గౌరవిస్తాను. నా పని మాత్రం నోటితో చెప్పి రాయించుకోవడం మీద నడుస్తుంది. ప్రూఫు కాగితాలు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పెన్నుతో గుర్తులు పెడుతూ, సవరణలు ఫోనుకు చెప్పుకుంటూ పోతాను. కంప్యూటరు ముందు కూర్చుంటే గంటన్నర పట్టే పట్టిక అలా గంట లోపే తయారవుతుంది. కొత్త వెర్షన్లు తొందరగా ఆగిపోతాయని ఆండ్రాయిడ్ మీద ఉన్న మాట చాలాకాలం నిజమే. 2023లో గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో సాంసంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని కంపెనీలు మాటిచ్చాయి. తక్కువ ధర ఫోన్లకు కూడా ఆ మాట వర్తించే రోజు రావాలని నా కోరిక, ఎందుకంటే మన ఊళ్లలో అందరి చేతుల్లో ఉండేవి అవే.

పోయిందనుకున్న అమ్మమ్మ గొంతు మొత్తం పోలేదు. అదే గ్రూపులో ఉన్న మా తమ్ముడు ఫోను మార్చలేదు. అతని దగ్గర ఏడు సందేశాలు మిగిలి ఉంటే నిరుడు పంపించాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాటిని కంప్యూటరులో వినిపిస్తూ, నా ఫోనును స్పీకరు దగ్గర పెట్టి మైకు గుర్తు నొక్కాను. అమ్మమ్మ మాట్లాడుతూ ఉంటే తెర మీద తెలుగు అక్షరాలు ఒక్కొక్కటిగా పేరుకుంటూ వచ్చాయి. ఆకుమడి సరిగ్గా పడింది, కల్లం సరిగ్గా పడింది. పొలానికి నీళ్లు పారే బోదె దగ్గరికి వచ్చేసరికి ఫోను బోధ అని రాసింది. అమ్మమ్మ మాటను అక్కడ ఆపి, ధకారం చెరిపి, దకారం పెట్టి, దాని మీద ఎత్వం ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి వినిపించాను.