యోక్ వదిలేసినా విమానం ఎడమకే వంగుతోందా?

(తెరపై: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172 కాక్‌పిట్. ఎదురుగా శంషాబాద్ రన్‌వే. యోక్ మీద చేతులు లేవు.)

నమస్కారం. ఇది ఫ్లైట్ సిమ్యులేటర్, కంప్యూటర్‌లో విమానం నడిపే గేమ్. ముద్దుగా సిమ్ అంటాం. యోక్ అంటే దానికి తగిలించే స్టీరింగ్ లాంటిది. చూస్తున్నారుగా, నా చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. అయినా విమానం ఎడమ పక్కకి ఒరిగిపోతోంది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే కాలిబ్రేషన్, అంటే యోక్ మధ్య, చివరలు ఎక్కడో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పడం, మొదలెడతారు. ఒక్క నిమిషం ఆగండి. జబ్బేంటో తేలకుండా మందు వెయ్యకూడదు.

ముందు ఒక మాట. టేకాఫ్‌లో ఫుల్ పవర్ ఇచ్చినప్పుడు సెస్నా ఎడమకి లాగితే యోక్‌ని తిట్టకండి. ముందు ప్రొపెల్లర్ ఒక్కటే ఉన్న ఇలాంటి విమానం గుణమే అంత, కుడి రడ్డర్ (తోక దగ్గరి చుక్కాని) పెడల్ తొక్కాలి. నేను చూపిస్తున్నది పవర్ బాగా తగ్గించి దిగుతున్నప్పటి సంగతి.

(తెరపై: సిమ్ మూసేసి, విండోస్ డెస్క్‌టాప్.)

సిమ్ మూసెయ్యండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టండి. లిస్టులో మీ యోక్ పేరు మీద క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే, చిన్న చదరంలో ఒక ప్లస్ గుర్తు కనిపిస్తుంది. యోక్‌ని ముట్టుకోకండి. ఆ గుర్తు ఏం చేస్తోందో చూడండి, అంతే.

అది కదలకుండా ఉంది, కానీ నడిమధ్యలో కాకుండా కాస్త పక్కగా ఉంది. అయితే అది కాలిబ్రేషన్ సమస్యే. మీరు అదృష్టవంతులు. అలా కాకుండా వణుకుతోందా? ఇక్కడ కొంచెం లోతుకి వెళ్దాం.

(తెరపై: కాలిబ్రేషన్ విండోలో రా డేటా అంకెలు, దగ్గరగా.)

సెట్టింగ్స్‌లో కాలిబ్రేట్ నొక్కితే వచ్చే విండోలో రా డేటా, అంటే యోక్ పంపే అసలు అంకెలు, చూపించమనే టిక్ బాక్స్ ఉంటుంది. టిక్ పెట్టండి. 10 బిట్ యోక్ అయితే ఒక చివర 0, రెండో చివర 1023, మధ్యలో సుమారు 512 రావాలి. ఇప్పుడు యోక్‌ని మెల్లగా, చాలా మెల్లగా తిప్పండి. 508, 510, 513 ఇలా వరసగా పెరిగితే బాగున్నట్టే. ఉన్నట్టుండి 700కి ఎగిరి మళ్ళీ 515కి వచ్చిందా? లోపల యోక్ ఎంత తిరిగిందో కొలిచే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము పట్టిందో, కార్బన్ పూత అరిగిందో అయ్యుంటుంది. దాన్ని వందసార్లు కాలిబ్రేట్ చేసినా లాభం లేదు. కాలిబ్రేషన్ నేర్పేది చివరలెక్కడ, మధ్యెక్కడ అనే. మధ్యదారిలో గెంతే అంకెని అది ఆపలేదు.

వారంటీ అయిపోయిన యోక్ అయితే యూఎస్‌బీ పీకేసి, విప్పి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి. మొబైల్ రిపేర్ వాళ్ళు వాడేదే ఆ స్ప్రే. హనీకోంబ్ ఆల్ఫా లాంటి యోక్‌లలో దాని బదులు ఉండేది హాల్ సెన్సర్. అయస్కాంతంతో పనిచేస్తుంది, రాపిడి ఉండదు కాబట్టి ఈ గొడవ లేదు.

ఇక కాలిబ్రేషన్. మధ్యలో వదిలెయ్యమన్నప్పుడు చెయ్యి పూర్తిగా తీసెయ్యండి. తర్వాత నాలుగు మూలలకీ చివరిదాకా తిప్పండి. బలవంతం వద్దు. అయ్యాక ఒక చిన్న పరీక్ష: ఎడమ నుంచి వదలండి, కుడి నుంచి వదలండి. స్ప్రింగ్ వదులు వల్ల రెండు చోట్ల ఆగుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాని కప్పేంత డెడ్ జోన్ (యోక్ కదిలినా సిమ్ పట్టించుకోని మధ్య జాగా) చాలు. అంతకు మించి పెడితే, ల్యాండింగ్‌లో చిన్నచిన్న సవరింపులకి విమానం పలకదు.

యోక్ మధ్యమధ్యలో కట్ అయిపోతుంటే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కి పవర్ సేవింగ్ టిక్ తీసెయ్యండి. హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి.

(తెరపై: మళ్ళీ సిమ్, కంట్రోల్స్ పేజీ.)

విండోస్‌లో అంతా బాగుండి, సిమ్‌లో మాత్రమే ఒరుగుతోందా? నాకు జరిగింది చెప్తాను. మీరు మొదట చూసిన విమానం ఇదే. ఒక ఆదివారం యోక్ మొత్తం విప్పేశాను. స్ప్రింగ్ ఒకటి మంచం కిందకి పోయింది. అంతా బిగించినా అదే తంతు. చివరికి తేలిందేంటంటే, మా వాడి గేమ్‌ప్యాడ్ ఇంకా కనెక్ట్ అయ్యే ఉంది, దాని మీద దిండు ఉంది. దిండు బరువుకి స్టిక్ ఎడమకి నొక్కుకుంది. సిమ్‌లో ఎయిలెరాన్, అంటే విమానాన్ని పక్కకి ఒరిగించే కంట్రోల్, యోక్‌కీ ఉంది, ప్యాడ్‌కీ ఉంది.

అందుకే కంట్రోల్స్‌లో ప్రతి డివైస్ విడిగా తెరిచి, ఎయిలెరాన్, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పేది) యోక్‌కి తప్ప ఇంకెక్కడ కనిపించినా తీసెయ్యండి.

(తెరపై: దిండు తీయగానే విమానం నిటారుగా నిలబడుతుంది.)