వానలో ఆఖరి సైకిల్

వేదిక మీదున్న పెద్దలకు, రేపు బయల్దేరబోతున్న మిత్రులకు నమస్కారం. నా గురించి మంచి మాటలు చెప్పినవారికి కృతజ్ఞతలు. వర్షంలో సైకిళ్ల మీద గ్రూప్ టూర్ వెళ్లేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ నేను అసలు వచ్చింది ఒక్క సంగతి చెప్పడానికి. వాన రోజున గుంపు ఎంత వేగంగా పోవాలో, ఎక్కడ ఆగాలో అందరికంటే వెనక వస్తున్న మనిషిని బట్టి తేల్చుకోవాలి.

ముందు రోడ్డు సంగతి చూద్దాం. చాలా రోజులకి పడిన వానలో మొదటి కాసేపు మరీ ప్రమాదం. పేరుకుపోయిన నూనె, దుమ్ము నీళ్లలో కలిసి రోడ్డంతా జిడ్డవుతుంది. రంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల మీది ఇనుప అతుకులు దాటేటప్పుడు బ్రేక్ వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. రైలు పట్టాలు వస్తే వాటికి సూటిగా అడ్డంగా దాటండి. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని నొక్కి ఆపే బ్రేకులున్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. తడిసిన రిమ్ మీద బ్రేక్ నొక్కితే మొదటి కొన్ని చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతాయి. ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. అందుకే మలుపుకి చాలా ముందే బ్రేకుని కాస్త తాకించి పెట్టుకోవాలి, ముందు సైకిల్‌కి మామూలుకంటే బాగా దూరం ఉంచాలి. పంక్చర్లూ ఎక్కువవుతాయి. తడి రబ్బరుని గాజు పెంకు సులువుగా కోస్తుంది.

ఇంక మడ్‌గార్డ్. బరువని తీసేసి వస్తున్నారు చాలామంది. అయ్యా, మీ వెనక చక్రం చిమ్మే బురద నీళ్లు మీ వీపు మీద పడితే అది మీ ఇష్టం. అవే నీళ్లు మీ వెనక ఉన్నవాళ్ల కళ్లలో, నోట్లో పడుతున్నాయి. నా దృష్టిలో గ్రూప్‌లో మడ్‌గార్డ్ మర్యాదకి సంబంధించిన విషయం. దాని అడుగున రబ్బరు ముక్క కూడా వేలాడదీయండి. దీని మీద నేనెంతసేపైనా మాట్లాడగలను, ఆపేస్తాను.

అసలు శత్రువు చలి. నీళ్లు శరీరంలోంచి వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. దానికి సైకిల్ వేగం వల్ల వచ్చే గాలి తోడు. కొండ ఎక్కేటప్పుడు ఒళ్లు వేడిగా ఉంటుంది కాబట్టి ఏమీ తెలియదు. దిగేటప్పుడు చంపేస్తుంది. 1988లో ఇటలీ సైకిల్ రేసు గిరో గావియా అనే కొండ కనుమ దాటినప్పుడు కింద పడుతున్న వాన పైకి పోయేకొద్దీ మంచుగా మారింది. అమెరికా రైడర్ ఆండీ హ్యాంప్‌స్టెన్ జట్టువాళ్లు ఆ పొద్దున్నే స్కీ దుకాణాల్లో వెచ్చటి బట్టలు, గ్లౌజులు కొని పెట్టుకున్నారు. ఆ రోజు అతను రేసులో ముందున్నవాళ్లకి ఇచ్చే గులాబీ జెర్సీ అందుకున్నాడు, చివరికి ఆ గిరో గెలిచాడు. అంతటి రైడర్లే దిగుడు కోసం పొడి బట్టలు సిద్ధం చేసుకుంటే మనమెంత?

ఇప్పుడు నా మనసులో ఏళ్లుగా ఉన్న విషయం చెబుతాను. ఒక టూర్‌లో నేను స్వీప్‌ని, అంటే గుంపుకి ఆఖరున వచ్చేవాణ్ణి. పొద్దున్నుంచీ ఆగని వాన. నా ముందు ఒకమ్మాయి తొక్కుతోంది. ముందువాళ్లు ఒక షెడ్డు కింద ఆగి అరగంట సేద తీరారు. మేం చేరగానే "పదండి, ఇప్పటికే లేటయింది" అని సైకిళ్లు ఎక్కేశారు. ఆ అమ్మాయికి దక్కిన విశ్రాంతి ఎంతో చెప్పండి. ఒక్క నిమిషం కూడా లేదు! ఆ ముందు ఆగిన చోటా అదే జరిగింది. బలహీనంగా ఉన్నవాళ్లకి విరామం లేదు, బలంగా ఉన్నవాళ్లకి అరగంట. ఇదెక్కడి న్యాయం?

"ఎలా ఉన్నావమ్మా?" అన్నాను. "బాగానే ఉన్నానన్నా" అంది, కానీ మాట ముద్దగా వచ్చింది. బిస్కెట్ ప్యాకెట్ చింపలేకపోతోంది. పళ్లతో లాగినా రాలేదు. జాకెట్ జిప్పు కొస వేళ్లకి దొరకడం లేదు. ఆ వేళ్లతో బ్రేక్ లీవర్ ఎలా నొక్కుతుంది? పైగా ముందుంది దిగుడే.

నేను ఆమెని కదలనివ్వలేదు. తడి బట్టలు మార్పించి, పొడి టోపీ పెట్టించి, వెచ్చటి నీళ్లు తాగించి, సామాన్ల బండి పిలిపించి ఎక్కించాం. ఆ సాయంత్రం మా లీడర్ నాతో అన్నమాట, "ఓపిక లేనివాళ్లు రాకూడదు." ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అది ఓపికకి సంబంధించింది కానే కాదు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి జారితే ఎంతటి మొనగాడికైనా నాలుక తడబడుతుంది, చేతులు మాట వినవు, బుర్ర సరిగా పనిచేయదు. అందుకే వాళ్లు చెప్పే "బాగానే ఉన్నాను"ని నమ్మకండి. వణుకుతున్న మనిషి ఉన్నట్టుండి వణకడం మానేస్తే కుదుటపడ్డారనుకోకండి. వెంటనే డాక్టర్ని పిలవాలి.

ఇక్కడున్న మీలో ఎప్పుడైనా ఆఖరున చేరినవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! ముందు వరసలో ఉన్న లీడర్లూ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి.

మధ్యలో ఆగిపోతే నామోషీ అనుకునేవాళ్లకి ఒక మాట. పారిస్-బ్రెస్ట్-పారిస్ అంటే ఫ్రాన్స్‌లో జరిగే సుమారు 1200 కిలోమీటర్ల సైకిల్ రైడ్, ఎక్కువమంది 90 గంటల గడువు పెట్టుకుని తొక్కుతారు. 2007లో వాన, ఎదురుగాలి వదల్లేదు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా ఎంతోమంది దారిలోనే విరమించుకున్నారు. వాళ్లని ఎవరూ చేతకానివాళ్లనలేదు.

ముందున్నవాళ్లు అడిగేది కూడా నాకు తెలుసు. "వానలో నిలబడి ఎదురుచూస్తే మేమూ గడ్డకట్టుకుపోతాం కదా?" నిజమే. అందుకే పైకప్పు లేని చోట ఆగొద్దు. అలాంటి చోట వేగం తగ్గించి వెనకవాళ్లతో కలిసి తొక్కండి. కప్పున్న చోట ఆగితే మాత్రం ఆఖరి మనిషి వచ్చిన క్షణం నుంచే విరామం లెక్క మొదలవ్వాలి. ఎవరైనా దిగుడు మొదలుపెట్టే ముందు వాళ్ల వేళ్లు పనిచేస్తున్నాయా లేదా అని స్వీప్ చూడాలి. ఆపమని స్వీప్ అంటే లీడర్ వాదించకూడదు.

అధ్యక్షులవారూ, రేపటి రూట్ షీట్ ఇంకా ప్రింట్‌కి వెళ్లలేదని విన్నాను. ఈ నియమాలన్నీ అందులో పైనే వేయించండి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి చెప్పండి. నేను దిగను, మాట్లాడుకుందాం.