ఈ ఎర్రర్ ఇచ్చింది ఏ కంటైనర్?

అందరికీ నమస్కారం. భీమవరంలో మాట్లాడుతున్నాను కాబట్టి ఉదాహరణ కూడా రొయ్యల సైటే తీసుకుంటాను. రైతు ఫోన్లో కౌంట్ వారీగా రేటు చూసుకుంటాడు, చెరువు నీళ్ళ పరీక్ష రిపోర్టు ఫొటో తీసి పంపిస్తాడు. వెనకాల సైటు కోడ్ రాసిన భాష పీహెచ్‌పీ, ముందు రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్. రెండూ డాకర్‌లో, వేరువేరు కంటైనర్లు, అంటే ఒక్కో ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే డబ్బాలు.

ఇంజిన్‌ఎక్స్‌కి పీహెచ్‌పీ నడపడం రాదు. ఆ పని ఎఫ్‌పీఎంకి అప్పజెబుతుంది. 2010లో, 5.3.3 వెర్షన్‌తో పీహెచ్‌పీలోనే కలిసిపోయిన ప్రోగ్రామ్ అది. డాకర్ ఇమేజ్‌లో (కంటైనర్ తయారయ్యే మూస) అది 9000 పోర్టు మీద కూర్చుని ఉంటుంది. రెండూ ఒకే సర్వర్‌లో ఉన్నప్పుడు 127.0.0.1:9000 అని రాస్తే నడిచేది. అదే లైను కంటైనర్‌లోకి కాపీ కొట్టారా, 502 బ్యాడ్ గేట్‌వే ఖాయం. 127.0.0.1 అంటే లోకల్‌హోస్ట్, ‘ఈ మెషినే’ అని; ఏ కంటైనర్ లోకల్‌హోస్ట్ దానిదే మరి. ఇంజిన్‌ఎక్స్ తన ఇంటి తలుపు తనే కొట్టుకుంటూ పక్కింటాయన పలకడం లేదంటోంది! కంటైనర్లన్నిటి వివరాలూ రాసే కంపోజ్ ఫైల్లో పీహెచ్‌పీ సర్వీసుకి ‘యాప్’ అని పేరు పెట్టి ఉంటే, ఇంజిన్‌ఎక్స్ సెట్టింగుల్లో ఫాస్ట్‌సీజీఐ పాస్ దగ్గర యాప్:9000 అని రాయండి. 9000ని బయటికి మాత్రం తెరవొద్దు, అవసరమే లేదు.

సరే, 502 పోయింది. ఇప్పుడు తెల్ల పేజీ మీద ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అని ఒక్క లైను. చాలామంది మళ్ళీ నెట్‌వర్క్‌నే కెలుకుతారు. కాస్త ఆగి ఆ పేజీని చూడండి. ఇంజిన్‌ఎక్స్ సొంతంగా ఇచ్చే 404లో మధ్యలో పెద్ద అక్షరాలు, ఒక గీత, దాని కింద ఇంజిన్‌ఎక్స్ పేరు ఉంటాయి. ఈ ఒంటి లైను ఎఫ్‌పీఎంది. అంటే కబురు అందింది, ఫైలే దొరకలేదు. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ తెరిస్తే ‘ప్రైమరీ స్క్రిప్ట్ అన్‌నోన్’ అని కనిపిస్తుంది.

ఇంజిన్‌ఎక్స్ పంపేది ఫైలు కాదు, ఫైలు ఉన్న చోటు మాత్రమే. ఆ చోటు ఎఫ్‌పీఎం కంటైనర్‌లోనూ ఉండాలి. కోడ్ ఫోల్డర్‌ని రెండు కంటైనర్లలోనూ ఒకే పాత్‌లో మౌంట్ చేయండి, అంటే బయటి ఫోల్డర్ లోపల కూడా కనిపించేలా తగిలించండి. గొడవ వదిలిపోతుంది.

ఇక ఫొటోలు. ఇప్పటి ఫోన్లో ఒక్కో ఫొటో తేలిగ్గా మూడు నాలుగు ఎంబీ ఉంటుంది. ఇంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటనివ్వదు, 413, అంటే పంపింది మరీ పెద్దది, అని మొహం మీదే చెప్పేస్తుంది. అక్కడ 10 ఎంబీకి పెంచి, పనైపోయిందనుకుంటారు. పీహెచ్‌పీ పరిమితి వేరే ఉంది: ఒక్కో ఫైలు 2 ఎంబీ, మొత్తం పోస్ట్ 8 ఎంబీ. పైగా పీహెచ్‌పీ అరవదు. పేజీ చక్కగా వస్తుంది, ఫొటో రాదు, మీ కోడ్‌లో అప్‌లోడ్ ఎర్రర్ 1 అని ఉంటుంది. అది చూసే కోడ్ మీరు రాయకపోతే రైతు ఫోన్ చేసేదాకా మీకు తెలీదు. అధికారిక పీహెచ్‌పీ ఇమేజ్‌లో ఈ పరిమితులు రాసే పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ ఫైలు రెడీగా ఉండదని కూడా గుర్తుంచుకోండి. డెవలప్‌మెంట్‌కి, ప్రొడక్షన్‌కి రెండు నమూనాలు మాత్రం ఇస్తారు. ప్రొడక్షన్ నమూనాని ఆ పేరుతో కాపీ చేసుకుని, మీ మార్పులు విడిగా చిన్న ఫైల్లో పెట్టుకోండి.

పర్మిషన్ల గురించి ఒక్కమాట. పీహెచ్‌పీ కోడ్ ఎవరి పేరు మీద నడుస్తుందో ఆ డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా యూజర్ నంబరు డెబియన్ ఇమేజ్‌లో 33, ఆల్పైన్‌లో 82. ఇమేజ్ మార్చిన రోజే అప్‌లోడ్లు ఆగిపోతే ముందు ఇది చూడండి. దయచేసి 777 (అందరికీ అన్ని అనుమతులూ) కొట్టకండి.

రేట్లు పెట్టగానే అందరూ ఒక్కసారే సైటు తెరుస్తారు. ఎఫ్‌పీఎం మామూలుగా ఒకేసారి 5 ప్రాసెస్‌లే నడుపుతుంది, మిగతావాళ్ళు క్యూలో ఉండాల్సిందే. అలాగని టెన్షన్‌లో 100 అని రాసేస్తే మెమరీ చాలక కంటైనరే పడిపోవచ్చు, అప్పుడు ఆగిన కారణం చెప్పే ఎగ్జిట్ కోడ్ 137 అని కనిపిస్తుంది. ఒక్కో ప్రాసెస్ 40 ఎంబీ తింటోంది, కంటైనర్‌కి ఇచ్చింది 512 అనుకుందాం. పది దగ్గర ఆగండి.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి. ముందు 502 తెప్పిద్దాం.