సూది మా ఆయనే పెట్టుకుంటాడు

హోస్ట్: నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. పాకాల దగ్గర పల్లె నుంచి వచ్చిన అక్క ఒకరు నా ఎదురుగా ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు, అక్కా అనే పిలుస్తాను. వాళ్ళాయన బెల్లం వండే మనిషి. కిడ్నీలు చెడి నాలుగేళ్ళయింది. రెండేళ్ళుగా హీమోడయాలిసిస్, అంటే రక్తాన్ని బయటికి తీసి మిషన్‌లో శుభ్రం చేసి తిరిగి ఒంట్లోకి పంపే చికిత్స, ఇంట్లోనే చేసుకుంటున్నారు. మన దగ్గర ఇట్లా చేసుకునేవాళ్ళు చాలా అరుదు. అక్కా, ఎందుకు ఇంట్లో?

అక్క: తిరగలేక నాయనా. వారానికి మూడుసార్లు తిరుపతికి. ఆరింటి షిఫ్టు అంటే నేను మూడున్నరకే లేచేదాన్ని. నాలుగు గంటలు మిషన్ మీద. ఇల్లు చేరి పడుకుంటే ఆ దినమంతా పోయినట్టే. సోమారం, బుధారం, శుక్రారం. శుక్రారం అయినాక మళ్ళీ సోమారమే. ఆదివారం రాత్రికి ఆయనకి ఆయాసం వచ్చేస్తాది, కాళ్ళు వాచిపోతాయి. గోడకి ఆనుకొని కూచునే నిద్రపోయేవాడు.

హోస్ట్: ఆ రెండు రోజుల ఎడం గురించే 2011లో అమెరికాలో పెద్ద పరిశోధన వచ్చింది. ఆ ఎడం దాటిన రోజునే మరణాలూ, గుండె ఇబ్బందితో ఆసుపత్రిలో చేరడాలూ ఎక్కువని తేలింది.

అక్క: మా డాక్టరు కూడా అదే చెప్పినాడు. ఇంట్లో అయితే రోజు విడిచి రోజు చేసుకోవచ్చు, ఆ ఎడం ఉండదని. ఆ ఒక్క మాటకే నేను ఒప్పుకున్నా.

హోస్ట్: మిషన్ నేర్చుకోవడం కష్టమైందా?

అక్క: మిషన్ కాదు. పైపులు తగిలించేది, సెలైన్ పెట్టి గాలంతా తీసేసేది, అదంతా చెయ్యంగా చెయ్యంగా వస్తాది. కష్టం సూదితోనే.

హోస్ట్: తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ముంజేతిలో ధమనిని సిరకి కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. న్యూయార్క్ డాక్టర్లు 1966లో ఈ పద్ధతిని ప్రచురించారు. ధమని రక్తం వేగంగా వచ్చి పడుతుంటే ఆ సిర కొన్ని వారాల్లో లావెక్కి, గట్టిపడుతుంది. ప్రతిసారీ దాంట్లోనే రెండు సూదులు పెట్టాలి.

అక్క: ఒకటి రక్తం లాగేదానికి, ఇంకొకటి తిరిగి పంపేదానికి. ఆ సూదుల లావు చూస్తే మామూలు ఇంజెక్షన్ సూది గుర్తుకే రాదు. మొదట నేనే పెట్టాలనుకున్నాం. మూడో దినం సూది సిర అవతలి గోడ దాటేసింది. చెయ్యి నల్లగా కమిలి ఉబ్బిపోయింది. నేను బయటికొచ్చి మెట్లమీద కూచొని ఏడ్చినా. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి వారం టెక్నీషియన్‌తో, "ఈసారి నాకియ్యి, నేను పాకం చూసేవాణ్ణి" అన్నాడు.

హోస్ట్: పాకానికీ సూదికీ ఏం సంబంధం?

అక్క: పెనంలో పాకం ఎప్పుడు దించాలో గడియారం చెప్పదు కదా నాయనా. చెంబులో నీళ్ళకి ఇంత వేసి, వేళ్ళతో ఉండ చేసి చూడాల. ముప్పై ఏండ్లు ఆ పని చేసినాడు. సూది సిరలోకి దిగినప్పుడు కొంచెం పట్టు వదిలినట్టు ఉంటాదంట. ఆ తావు నీకు తెలీదు, నాకు తెలుస్తాది అంటాడు. నిజమే. చెయ్యి ఆయనది, నొప్పి ఆయనది. లోపల ఏం జరుగుతా ఉండాదో నాకేం తెలుస్తాది?

హోస్ట్: ప్రతిసారీ ఒకే చోటా?

అక్క: మాకు బటన్‌హోల్ నేర్పించినారు. ఒకే చోట, ఒకే వాలు, ఒకే లోతు. కొన్నిసార్లకి చెవి కుట్టిన రంధ్రం మాదిరి దారి పడతాది. ఆ తర్వాత మొద్దు సూది చాలు. అందుకే ఒకే మనిషి పెట్టాల. చెయ్యి మారితే వాలు మారుతాది. కానీ పైన కట్టిన పక్కు పూర్తిగా నానబెట్టి తీసేయాల, గోరుతో గిల్లకూడదు. ఈ పద్ధతిలో చీము పట్టే భయం ఎక్కువ, అది నేరుగా రక్తంలోకే పోతాది. చేతులు కడిగేటప్పుడు ఆయన్ని ఎవరూ పలకరించకూడదు మా ఇంట్లో.

హోస్ట్: నీళ్ళ సంగతి? రక్తాన్ని శుభ్రం చేయడానికి మిషన్‌లో నిమిషానికి అర లీటరు నీళ్ళు పోతాయి, అంటే నాలుగు గంటలకి 120 లీటర్లు.

అక్క: ఆర్వోలో వదిలేసే నీళ్ళు అదనం. మాది బోరు నీళ్ళు, ఉప్పు. వంటింట్లో ఉండే ఆర్వో దీనికి పనికిరాదు. మనం తాగే నీళ్ళని పేగులు వడగడతాయి, ఇక్కడ నీళ్ళకీ రక్తానికీ నడుమ పలచని పొర ఒక్కటే. క్లోరిన్ కొంచెం మిగిలినా రక్తకణాలు పగిలిపోతాయని చెప్పినారు. మిషన్ వేసే ముందు ప్రతిసారీ పరీక్ష చేస్తా. ఒక్కసారి కూడా తప్పలేదు.

హోస్ట్: ఖర్చు?

అక్క: రెండెకరాలు అమ్మినాం. ఆస్పత్రిలో చేయించుకుంటే సర్కారు పథకం ఉండాది. ఇంట్లో పెట్టుకున్నదంతా మా చేతి డబ్బే. అందరూ ఇట్ల చెయ్యండి అని నేను అననే అనను.

హోస్ట్: శిక్షణలో బాగా గుర్తున్నది ఏది?

అక్క: మధ్యలో మిషన్ ఆపేది. నెలన్నర నేర్చుకున్నాం. చివరి రెండు వారాలు ఆ టెక్నీషియన్ చెప్పకుండా కరెంటు తీసేసేవాడు. బ్యాటరీ కొంతసేపే వస్తాది. ఆ తర్వాత పంపుకి పిడి తగిలించి చేత్తో తిప్పి, రక్తమంతా ఆయన ఒంట్లోకి పంపించేయాల. కండ్లు మూసుకొని కూడా ఆ పిడి తగిలించగలను ఇప్పుడు. పోయిన ఎండాకాలం గాలివాన వచ్చి నిజంగానే కరెంటు పోయింది. మా పాప టార్చి పట్టుకునింది, నేను తిప్పినా. భయం తెల్లారినాక వచ్చింది నాయనా, అప్పుడు రాలేదు.

హోస్ట్: సూది జారితే?

అక్క: అదే అన్నిటికంటే ఘోరం. నిమిషానికి పావు లీటరు పైనే రక్తం తిరుగుతా ఉంటాది. తిరిగి పంపే సూది ఊడితే ఒక్కోసారి మిషన్ అలారం కూడా కొట్టదు. అందుకే ప్లాస్టర్ గట్టిగా వేసి, తడి తగిలితే కూసే పరికరం పెడతాం. చలి అన్నా ఆ చేతిమీద దుప్పటి కప్పనివ్వను. ఆయన మిషన్ మీద ఉంటే నేను ఆ గది దాటను. పాలు పొంగినా సరే.

హోస్ట్: సెంటర్‌కి పోయేవాళ్ళకి ఏమన్నా చెబుతారా?

అక్క: ఇంట్లో చేసుకోవాలని లేకపోయినా, మీ సూది మీరు పెట్టుకునేది నేర్పమని అడగండి. ఒప్పుకుంటే మంచిది. లేకపోతే ఎక్కడ పెడతా ఉండారో చూడనన్నా చూడండి. మా ఆయన అంతకుముందు మొగం అటు తిప్పుకొనేవాడు. తిప్పుకునేది మానినాకే మిషన్ మీద ఏం జరుగుతా ఉండాదని అడగడం మొదలుపెట్టినాడు.

హోస్ట్: ఆ చెయ్యి రోజూ చూసుకోవాలంటారు కదా.

అక్క: పొద్దున లేస్తానే నేను ఫిస్టులా మీద వేళ్ళు పెడతా. లోపల తేనెటీగ మాదిరి జుమ్మంటా ఉండాల. ఆ అదురు ఆగితే లోపల గడ్డ కట్టినట్టు, ఆ దినమే ఆస్పత్రికి పరిగెత్తాల. ఆ చేతికి బీపీ చూడనివ్వం, రక్తం తియ్యనివ్వం, ఆయన బరువూ ఎత్తడు.

హోస్ట్: ఈ పొద్దున?

అక్క: ఉండాది నాయనా, బాగుండాది. సాయంత్రం ఆరింటికి మిషన్ వెయ్యాల, నాలుగింటి బస్సుకి నన్ను పంపించేయండి.