పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్‌కి ఒక కంపెనీ ఉంది

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ అధ్యక్షులవారు చెప్పేశారు. నేను కూడా మొదలుపెడితే నాకిచ్చిన టైము అందులోనే అయిపోతుంది, మన్నించండి. ప్రపంచ రంగస్థల దినోత్సవం కాబట్టి పై దేశాల నాటకం గురించి ఎవరైనా మాట్లాడితే బాగుంటుందని కమిటీవాళ్లు అనుకున్నారు. ఇంగ్లండు అనగానే షేక్‌స్పియర్ గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఒక నటి గురించి చెప్పాలని వచ్చాను. ఆవిడ పేరు పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్.

పేరు తెలియకపోయినా ఆవిడ ముఖం మీలో కొందరికి తెలుసు. డేవిడ్ లీన్ 1984లో తీసిన 'ఎ పాసేజ్ టు ఇండియా'లో మిసెస్ మూర్ ఆవిడే. ఆ సినిమా చాలా భాగం మన పక్కనే, బెంగళూరు చుట్టుపక్కల తీశారు. రాత్రిపూట ఆ పెద్దావిడ ఒంటరిగా మసీదులోకి వస్తుంది. డాక్టర్ అజీజ్ చూసి, చెప్పులతో లోపలికి రాకూడదని కోప్పడతాడు. విప్పే వచ్చానంటుంది. అక్కడ ఎవరూ చూడరు కదా అని అతనన్నా, దేవుడున్నాడు కదా అంటుంది. ఈ మాట మీద మనవాళ్లయితే గొంతు పెంచి చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగుతారు. ఆవిడ ఆగదు. ఇంట్లో పిల్లవాడికి జవాబు చెప్పినట్టు చెప్పేసి ఊరుకుంటుంది.

ఆ వేషం గురించి ఒక ముచ్చట చెబుతారు. నాకు అది ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. లీన్ అడిగినప్పుడు ఆవిడ అందిట, "మిస్టర్ లీన్, నాకు 75 ఏళ్లు" అని. ఆయన "నాకూ అంతే" అన్నాడట. ఇద్దరూ నెలల తేడాలో పుట్టినవాళ్లే. ఆ మాట మీద ఆవిడ ఒప్పుకుంది. ఆ వేషానికి ఆస్కార్ వచ్చింది. అప్పటికి 77. ఉత్తమ సహాయ నటిగా అంత వయసులో ఆస్కార్ అందుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. ఆవిడ ఆ సభకు వెళ్లనేలేదు, ఏంజెలా లాన్స్‌బరీ అనే మరో నటి వెళ్లి తీసుకుంది.

ఇక్కడిదాకా చెప్పి "చూశారా, వయసుతో పనిలేదు" అని కూర్చుంటే మీరూ చప్పట్లు కొడతారు. నాకు ఆ చప్పట్లు వద్దు. నేను అడిగేది వేరు. 77 ఏళ్లకు ఆవిడ అలా నిలబడగలిగిందంటే, అప్పటిదాకా ఆవిడను నిలబెట్టింది ఎవరు?

మొదటి నుంచి చెబుతాను. లండన్ పక్కన క్రాయిడన్‌లో 1907లో పుట్టింది. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. ఎల్సీ ఫోగర్టీ అనే గురువు దగ్గర చదువుకుంది, లారెన్స్ ఒలీవియే అక్కడ సహవిద్యార్థి. 1926లో బర్మింగ్‌హామ్ రిపర్టరీ అనే నాటకసంస్థలో మొదటి వేషం. 1930లో లండన్ సవాయ్ థియేటర్‌లో షేక్‌స్పియర్ 'ఒథెల్లో', అందులో ఒథెల్లో భార్య డెస్డిమోనా. ఒథెల్లో ఎవరో తెలుసా? అమెరికా నల్లజాతి నటుడు, గాయకుడు పాల్ రోబ్సన్!

రోబ్సన్ పేరు వింటే మన తెలుగువాళ్లలో ఒక తరానికి ఒళ్లు జలదరిస్తుంది. నల్లజాతి నటుడి పక్కన తెల్ల పిల్ల నటించిందని 22 ఏళ్ల ఆ అమ్మాయికి తిట్లు రాసి పంపారు. జాత్యహంకారమంటే ఏమిటో తనకు తెలిసివచ్చింది ఆ నాటకంతోనేనని తర్వాత ఆవిడే చెప్పుకుంది. 1935లో జాన్ గీల్‌గుడ్, ఒలీవియే కొన్ని వారాలు ఒకరు, కొన్ని వారాలు ఒకరు రోమియో వేస్తే, ఇద్దరికీ ఆవిడే జూలియట్. మగవాళ్లిద్దరిలో ఎవరు గొప్ప అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఇద్దరికీ తగ్గట్టు మారుతూ రోజూ వేదిక మీద ఉన్నది ఈవిడ. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

అదే ఏడాది హిచ్‌కాక్ 'ది థర్టీ నైన్ స్టెప్స్'లో కాసేపు కనిపిస్తుంది. ఇళ్లకు వెళ్లాక చూడండి. స్కాట్లండు కొండల్లో ముసలి రైతుకు చిన్న వయసు పెళ్లాం. ఆవిడది గ్లాస్గో. ఆ ఊరి దీపాలు, షాపులు, జనం, అన్నీ వదులుకుని ఆ రాళ్ల మధ్యకు వచ్చింది. పోలీసుల నుంచి పారిపోతున్నవాడు ఒక రాత్రి వాళ్లింట్లో తలదాచుకుంటాడు. లండన్‌లో ఆడవాళ్లు కాలిగోళ్లకు రంగు వేసుకుంటారట, నిజమేనా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నలో పెళ్లయిన దగ్గర్నుంచి తను పోగొట్టుకున్నదంతా వినిపిస్తుంది. తెల్లవారకముందే అతన్ని తప్పించి పంపిస్తూ మొగుడి కోటు ఇస్తుంది. కోటు ఏదని మొగుడు అడిగినప్పుడు దెబ్బ తినేది ఆవిడే. సినిమా మొత్తంలో నాకు గుర్తుండిపోయింది ఆ వంటగదే.

అలాంటి మనిషిని సినిమావాళ్లు పిలుస్తూనే ఉంటారు కదా. కానీ వరుసగా సినిమాలు చేయలేదు. నాటకమే ప్రధానం అనుకుంది. 1954లో నార్వే రచయిత ఇబ్సెన్ నాటకంలో నాయిక హెడ్డా గాబ్లర్ వేసింది. ఆ నాటకంతో నార్వే వెళితే ఆ దేశపు రాజు పిలిచి పతకం ఇచ్చాడు. ఇబ్సెన్ సొంత దేశంలో, ఇబ్సెన్ నాయికగా! ఇవన్నీ గొప్పలే. నేను ఆగాల్సిన చోటు మాత్రం తర్వాత వస్తుంది.

పీటర్ హాల్ అని ఒక దర్శకుడు, అప్పటికి 30 ఏళ్లు కూడా లేవు. షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లోని నాటకశాల చేతికి వచ్చింది. ఏటా కొత్తవాళ్లను పోగేసి సీజన్ అయిపోగానే పంపించేస్తే నాటకం ఎదగదనుకున్నాడు. నటులకు మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చి, స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ లండన్‌లోనూ ఒకే కంపెనీ నడపాలన్నది అతని ఆలోచన. పేరున్న ఏ నటీ తనను తాను అలా కట్టేసుకోదు. పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ సరేనంది. ఆవిడ వచ్చాక మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. 1961 నుంచి దానికే రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ అని పేరు.

ఆ కంపెనీలో ఆవిడ చేసినవి వినండి. 1960లో 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ'లో కేథరిన్, పెళ్లికాని పొగరుబోతు పిల్ల. ఆవిడకు 52. ఎదుట పీటర్ ఓటూల్‌కు 27. తర్వాత 1963లో 'ది వార్స్ ఆఫ్ ది రోజెస్'. షేక్‌స్పియర్ చరిత్ర నాటకాల నుంచి కూర్చిన మూడు నాటకాలు, కొన్ని రోజులైతే ఉదయం మొదలుపెట్టి రాత్రి దాకా మూడూ వేశారు. అందులో ఆవిడ మార్గరెట్ రాణి. ఫ్రాన్సు నుంచి వచ్చిన కొత్త పెళ్లికూతురిగా మొదలై, యుద్ధాలు నడిపి, కొడుకును పోగొట్టుకుని, చివరకు శాపాలు పెట్టే ముసలిదయ్యేదాకా అన్నీ ఒక్కరే. వయసు 55.

బీబీసీవాళ్లు దాన్ని రికార్డు చేశారు కాబట్టి మనం చూడగలుగుతున్నాం. పట్టుబడ్డ శత్రువు యార్క్ ప్రభువును చుట్టుముట్టి నిలబెడతారు. వాడి చిన్నకొడుకు నెత్తురులో తడిపిన గుడ్డ తీసి, కన్నీళ్లు తుడుచుకోమని మార్గరెట్ వాడికే ఇస్తుంది. నెత్తిన కాగితం కిరీటం పెడుతుంది. ఎంత క్రూరమో చూడండి. ఆ క్రూరత్వం పాతికేళ్ల పిల్లకు చేతకాదు. ఒక మనిషి పగను ఏళ్ల తరబడి మోస్తే గొంతు ఎలా అవుతుందో తెలిసినవాళ్లే చేయాలి.

అన్నలూ, తమ్ముళ్లూ, ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోనివ్వండి. 55 ఏళ్లకు నాకేం వేషాలు వచ్చాయి? మంచం మీద దగ్గుతూ ఉండే తల్లి. రెండో సీనులో పోయే అత్తగారు. నలభై దాటగానే, నాకంటే పదేళ్లు పెద్దాయనకు తల్లిగా వేయించారు. ఆయన హీరో, జుట్టుకు రంగు వేసుకుని వచ్చాడు. నా జుట్టుకు పౌడరు కొట్టారు. ఆ నాటక సమాజం పేరు చెప్పను. ఒకసారి ఒక పరిషత్తులో రచయితను అడిగాను, మా వయసు ఆడవాళ్లకు ఒక్క మంచి వేషం రాయండి బాబూ అని. "రాస్తే ఎవరు చూస్తారమ్మా" అన్నారు. అంటే మిమ్మల్ని అన్నట్టే. చూడరా మీరు? చెప్పండి!

మన నటీమణుల పద్ధతి మీకు తెలియంది కాదు. షోకి ఇంత అని మాట్లాడుకుంటారు. రిహార్సల్‌కు పైసా ఉండదు. అందుకని ఒక్కో అమ్మాయి నాలుగైదు సమాజాలకు ఒప్పుకుంటుంది. పోటీకి ముందు రెండు రోజులు వస్తుంది, డైలాగులు సగం ప్రాంప్టింగ్ మీదే నడుస్తాయి. నాటకం అయ్యాక మేకప్ తుడుచుకోవడానికి పరదా వెనక టార్పాలిన్ చాటు. అక్కడి నుంచి బస్టాండుకు, తెల్లవారుజామున బస్సు వచ్చేదాకా బెంచీ మీద. వంకలు పెట్టే జడ్జీలు "పాత్రలో లీనం కాలేదు" అని రాస్తారు. లీనం కావడానికి టైము ఎవరిచ్చారు అమ్మా ఆ పిల్లకు?

మనకు అసలు తెలియదా కంపెనీ అంటే? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివాళ్లను చూడండి. అక్కడ ఆడపిల్ల చంటిపిల్లగానే వేదిక ఎక్కుతుంది, కృష్ణుడవుతుంది, నాయిక అవుతుంది, పెద్దయ్యాక పెద్ద వేషాలు వేస్తుంది. వయసు వచ్చిందని ఇంటికి పంపరు, ఎందుకంటే నాటకమే ఇల్లు. ఆ పని ఒక కుటుంబం చేయగలిగింది. ఇన్ని సమాజాలు, ఇన్ని పరిషత్తులు, ఇంత మంది దాతలు ఉండి మనం చేయలేకపోయాం.

మళ్లీ పెగ్గీ గారి దగ్గరికి వస్తాను. 1975లో బెకెట్ రాసిన నాటకం 'హ్యాపీ డేస్'. విన్నీ అనే ఆడమనిషి మొదటి అంకంలో నడుము దాకా మట్టి దిబ్బలో కూరుకుపోయి ఉంటుంది. రెండో అంకంలో మెడ దాకా. చేతులు కూడా కదపడానికి లేదు. కళ్లు, నోరు, గొంతు, అంతే మిగిలాయి నటికి. నాటకమంతా దాదాపు ఆవిడ మాటలే. 67 ఏళ్ల వయసులో చేసింది. వాచకం అంటే అది. 1982లో ముగిసిన షేక్‌స్పియర్ నాటకం 'ఆల్స్ వెల్'లో కౌంటెస్ పాత్రతో రంగస్థలం చాలించి, ఆ తర్వాతే మన దేశం వచ్చింది. ముందు 'ది జ్యువెల్ ఇన్ ది క్రౌన్' సీరియల్లో బార్బీ అనే రిటైరైన మిషనరీ టీచరుగా, వెంటనే మిసెస్ మూర్‌గా. లోకం చూసింది ఈ రెంటినే. వాటి వెనకాల ఏళ్ల తరబడి నెల జీతం, రోజూ రిహార్సల్, వయసుకు తగిన పెద్ద వేషం ఉన్నాయి. ఆ ముసలావిడ నడకలో నాకు ఆ జీతం కనిపిస్తుంది.

బెల్ కొట్టారు, చూశాను. ఒక్క నిమిషం.

సెక్రటరీ గారు ముందు వరుసలోనే ఉన్నారు. వచ్చే ఏడాది పోటీల నియమాలు ఇంకా ప్రెస్సుకు వెళ్లలేదని పొద్దున ఆయనే నాతో చెప్పారు. సెక్రటరీ గారూ, అందులో ఇవి చేర్చండి. నటీమణులకు రిహార్సల్ రోజులకు కూడా డబ్బు ఇచ్చిన సమాజాన్నే పోటీకి తీసుకోండి. స్టేజీ వెనక తలుపూ గడియా ఉన్న గది ఒకటి ఆడవాళ్లకు ఇప్పించండి. 50 దాటిన స్త్రీ కథను నడిపించే నాటకానికి ఒక బహుమతి పెట్టండి, దానికి డబ్బు నేను, నా స్నేహితురాళ్లు కలిసి పోగుచేస్తాం. రచయితలు కూడా ఇక్కడే ఉన్నారు. ఆ వయసువాళ్లం మూడో వరుస నుంచి వెనకదాకా కూర్చుని ఉన్నాం, లేచి నిలబడండమ్మా, వాళ్లకు కనిపించేటట్టు! వేషం రాసి పిలవండి, రేపు సాయంత్రం నుంచే రిహార్సల్‌కు వస్తాం.