కులూ ఫ్రెండ్‌ని భువనగిరి గుట్ట ఎక్కించాను | ఒక్క రోజు ట్రెక్ రివ్యూ

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం నాకు పెద్ద పరీక్షే ఎదురైంది. హిమాచల్ నుంచి ఫ్రెండ్ వచ్చాడు. పుట్టి పెరిగింది కులూలో. చార్మినార్ అయింది, బిర్యానీ రెండు పూటలా అయింది. మూడో రోజు పొద్దున్నే "మీ దగ్గర ఎక్కడానికి కొండలేమన్నా ఉన్నాయా?" అన్నాడు. కిటికీ తీస్తే మంచుకొండ కనపడే మనిషికి నేనేం చూపించాలి చెప్పండి!

ముందు అనంతగిరి అనుకున్నాను. కానీ అక్కడ అందమంతా అడవిదే. అడవులు వాడికి కొత్తా? వాళ్ల వైపు లేనిది కావాలి. అందుకే భువనగిరి.

ఉప్పల్ దాటి వరంగల్ హైవే పట్టుకుంటే సిటీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. బండి లేనివాళ్లకి సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు వెళ్లే లైన్లో భువనగిరి స్టేషన్ ఉంది.

గుట్ట దూరం నుంచే కనపడింది. వాడు నవ్వేశాడు. "ఇది కొండేంటి, రాయి కదా!" అన్నాడు. అసలు విషయం అదే మరి. సుమారు 500 అడుగుల ఎత్తున, గుడ్డు బోర్లించినట్టు ఒకటే బండ. దాని మీద కోట. 1076లో గద్దెనెక్కిన చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు కట్టించాడంటారు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. ఆ పేరు మీదే త్రిభువనగిరి, అదే వాడుకలో భువనగిరి అయింది.

ఇక ఎక్కడం. మెట్లున్నాయి, దర్వాజాలు దాటుకుంటూ పోవడమే. కష్టం మెట్లతో కాదు, ఎండతో. దారిలో ఇడ్లీకి ఆగుదామన్నది నేనే, ఆ తప్పు నాదే. ఎక్కడం మొదలుపెట్టేసరికి తొమ్మిదిన్నర. చెట్టు నీడ దాదాపు లేదు. బండ కింద నుంచి పెనంలా కాలుస్తోంది. మంచులో పరిగెత్తే మా కులూ వీరుడు రెండో దర్వాజా నీడలో కూలబడి నీళ్ల సీసా మొత్తం ఖాళీ చేశాడు. అప్పుడు దొరికింది నాకు ఛాన్స్. "బాబూ, మీ హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లు. మా దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నువ్వు కూర్చున్నది మీ కొండల తాత ఒళ్లో" అన్నాను. ఇంక నవ్వలేదు.

కొంచెం పైకి వెళ్తే బండల మధ్య వాన నీళ్లు నిలిచే దొనలు ఉంటాయి. కోటలో వాళ్లు ఈ నీళ్లతోనే బతికేవాళ్లు. నాకు బురుజుల కంటే ఇవే నచ్చాయి. పైన బాలాహిస్సార్ కట్టడం, గాలి, కింద ఊరంతా. గోడల మీద గుండె బొమ్మలు గీసి పేర్లు చెక్కిన ప్రేమికులకి మాత్రం నా దండం.

ఒక విషయం వాడిని బాగా కదిలించింది. 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకుంది ఈ భువనగిరిలోనే. వాడు ఆ నున్నటి బండ అంచుకి కొంచెం దూరంలో నిలబడి చాలాసేపు కిందికి చూశాడు. "ఇక్కడ నేర్చుకుంటే మంచు మీద భయం పోతుంది" అన్నాడు.

దిగేటప్పుడు జాగ్రత్త, అరిగిన బూట్లు జర్రున జారతాయి. నేనే ఒకసారి కూర్చుండిపోయాను. వానలో అసలు వద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, ఏడింటికల్లా గుట్ట కింద ఉండటం, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు. ఇవి పాటిస్తే నా మార్కులు పదికి ఎనిమిది. నాలాగా ఇడ్లీకి ఆగితే ఐదు.

నిన్న వాడు ఇల్లు చేరి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. కిటికీలోంచి మంచుకొండ. కింద ఒక్క లైను: "తాతగారికి మనవడి నమస్కారం."